తల తేడాతో గెలిస్తే చాంపియన్ ఫారం పోయినట్టేనా? గుర్రప్పందేల యాప్ మీద నా రివ్యూ

ఐదుకు మూడు స్టార్లు. ఆ మూడూ వీడియోలకే. ఫారం (గుర్రం ఈమధ్య ఎంత బాగా పరిగెత్తుతోందన్నది) మార్కులు చూసి గుర్రాల గురించి తెలుసుకుందామని ఈ యాప్ కొనాలనుకుంటే మాత్రం ముందు ఇది చదవండి. కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి.

నెలకు మూడొందల లోపు చందా. దేశదేశాల పెద్ద రేసుల వీడియోలు, పాతవీ కొత్తవీ, అన్నీ దొరుకుతాయి. ప్రతి 200 మీటర్లకు గుర్రం ఎంత సమయం తీసుకుందో చెప్పే పట్టిక ఉంటుంది, ఆ రోజు నేల గట్టిగా ఉందా మెత్తగా ఉందా, జాకీతో (గుర్రాన్ని నడిపే రౌతుతో) కలిపి ఎంత బరువు మోసింది, అదంతా పక్కనే ఉంటుంది. వీటిపైన ప్రతి గుర్రానికీ నూటికి ఇన్ని అని ఒక ఫారం మార్కు వేస్తారు. నేను పందెం కాయను. మంచి గుర్రం పరుగు చూడడమంటే ప్రాణం, అంతే. మా బల్లార్షాలో రైలెక్కితే సికింద్రాబాద్‌లో దిగి మలక్‌పేట రేస్ కోర్సుకు వెళ్లొచ్చు కానీ డ్యూటీలతో అది ఎప్పుడో గానీ కుదరదు, అందుకే ఫోన్‌లో చూస్తాను.

చెడిందంతా ఆ మార్కు దగ్గరే. చాంపియన్ ఐదు లెంగ్తుల తేడాతో గెలిస్తే మార్కు పైకి పోతుంది. మెడ తేడాతోనో తల తేడాతోనో గెలిస్తే ఎర్ర బాణం కిందికి చూపిస్తూ 'ఫారం తగ్గుతోంది' అని వస్తుంది. లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు, దాదాపు రెండున్నర మీటర్లు, రేసు వేగంలో అది సెకనులో ఆరో వంతు దాకా ఉంటుంది. మెడ తేడా అంటే గుర్రం మెడంత, తల తేడా అంటే తలంత, ఇక ఎంత చిన్నదో మీరే చూడండి. ఆ చిన్న తేడా ఎందుకు వచ్చిందో యాప్ చూడదు. జాకీ ఏం చేశాడు, నేల ఎలా ఉంది, రెండో స్థానంలో వచ్చింది ఎవరు, ఏదీ పట్టించుకోదు. ఆ వివరాల్లో సగం అదే యాప్‌లో పక్క పేజీలోనే ఉన్నాయి. నా కోపమంతా అక్కడే.

బ్లాక్ కేవియర్ పేజీ తెరవండి. ఆస్ట్రేలియా ఆడగుర్రం. 21 రేసులు పరిగెత్తి 21 గెలిచాక 2012 జూన్ 23న ఇంగ్లండ్‌లో రాయల్ ఆస్కాట్ అనే పెద్ద రేసుల పండక్కి వచ్చింది, డైమండ్ జూబిలీ స్టేక్స్ రేసు కోసం. ఏకపక్షంగా గెలుస్తుందని అందరూ అనుకున్నారు. గెలిచింది, కానీ ఫ్రాన్స్ నుంచి వచ్చిన మూన్‌లైట్ క్లౌడ్ మీద తల తేడాతో. యాప్‌లో ఎర్ర బాణం. ఇప్పుడు వీడియో పెట్టుకుని ఆఖరి వంద మీటర్లు స్లో మోషన్‌లో చూడండి. జాకీ ల్యూక్ నోలెన్ ఇక అయిపోయిందనుకుని గుర్రాన్ని ఉసిగొల్పడం ఆపేశాడు, అది కూడా వేగం తగ్గించింది, పక్క నుంచి మూన్‌లైట్ క్లౌడ్ మీదికి వచ్చేసరికి ఉలిక్కిపడి మళ్లీ ఉసిగొల్పాడు. తప్పు తనదేనని తర్వాత అతనే చెప్పాడు. ఆపకుండా ఉంటే ఇంకెంత తేడాతో గెలిచేదో అని లెక్కలు వేసేవాళ్లున్నారు, నాకు దానికంటే ముఖ్యంగా కనిపించేది వేరే: జాకీ ఆపకముందే ఆ గుర్రం ఎప్పటిలా లేదు. సొంత గడ్డ మీద ఆఖర్లో మిగతావాటిని వదిలేసి ముందుకు వెళ్లిపోయే గుర్రం, ఇక్కడ అలా విడిపోలేకపోయింది. ఎందుకో రేసయ్యాక తెలిసింది, తొడ కండరం చిరిగింది, నడుము దగ్గర కూడా దెబ్బ తగిలింది. అంటే భూమికి అవతలి కొస నుంచి విమానంలో వచ్చి, ఎప్పుడూ చూడని ట్రాక్ మీద, కాస్త మెత్తబడ్డ నేలలో, ఎగువకు పోయే ఫినిష్‌లో, ఆ ఒంటితో, జాకీ ఆపేసినా సరే గెలిచింది.

ఆ రోజు తన స్థాయికి తక్కువగా పరిగెత్తింది, ఆ మాట నిజమే. కానీ ఒక రోజు తక్కువ పరిగెత్తడం వేరు, గుర్రం పని అయిపోవడం వేరు, యాప్ ఈ రెంటినీ ఒకే బాణంతో చూపిస్తుంది. మళ్లీ 2013 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్‌లోని ఫ్లెమింగ్‌టన్‌లో 1000 మీటర్లు 55.42 సెకన్లలో పరిగెత్తి ట్రాక్ రికార్డు కొట్టింది. ఏప్రిల్‌లో రిటైర్ అయ్యేసరికి 25కి 25. నన్నడిగితే ఆ 25లో ఆస్కాట్‌దే గట్టి గెలుపు.

విన్‌క్స్ కూడా ఆస్ట్రేలియా ఆడగుర్రమే, దాని విషయంలో యాప్ ఇంకా ఘోరం. 2016లో మెల్‌బోర్న్‌లోని మూనీ వ్యాలీలో కాక్స్ ప్లేట్, 2040 మీటర్లు, ఎనిమిది లెంగ్తులతో గెలిచింది. పచ్చ బాణం, బ్రహ్మాండమైన మార్కు. 2017లో అదే రేసులో హ్యూమిడార్ పక్కకొచ్చి భయపెట్టింది, అర లెంగ్త్‌తో గెలిచింది. మార్కు పడిపోయింది. కానీ ఆ అర లెంగ్త్ గెలుపు 2 నిమిషాల 2.94 సెకన్లలో వచ్చింది, ట్రాక్ రికార్డు. ట్రాక్ రికార్డు అంటే ఎనిమిది లెంగ్తుల గెలుపు కంటే అది వేగమైన పరుగనే కదా! రెండేళ్లూ నేల ఒకేలా లేదు నిజమే, అయినా రికార్డు పరుగు పక్కన 'ఫారం తగ్గుతోంది' అని రాయడానికి చేతులెలా వచ్చాయో. విన్‌క్స్ తగ్గలేదు, ఆ రోజు హ్యూమిడార్ పెరిగింది. మా చంద్రపూర్, గడ్చిరోలి వైపు శంకరపట్ (ఎద్దుల పందెం) చూసినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు, ఎద్దుల జోడీ దాటగానే అందరి నోటా వచ్చేది 'ఎన్ని సెకన్లు' అనే, పక్క జోడీ ఎంత వెనకపడిందో ఎవరూ అడగరు. (2014లో సుప్రీంకోర్టు ఆపేసిన ఈ పందేలు 2021 డిసెంబర్‌లో మహారాష్ట్రలో మళ్లీ మొదలయ్యాయి కాబట్టి మా పిల్లలు కూడా ఇప్పుడు సెకన్ల లెక్కలోనే మాట్లాడుతున్నారు.)

అదే 2017 ఆగస్టులో సిడ్నీలో వార్విక్ స్టేక్స్ కూడా చూడండి. విన్‌క్స్ గేటు దగ్గరే వెనకబడిపోయింది, మిగతావన్నీ వెళ్లిపోయాక ఇది బయల్దేరింది. 1400 మీటర్ల రేసులో అలా జరిగితే మామూలు గుర్రానికి అక్కడితో సరి. ఇది ఆఖరి నుంచి వచ్చి అదే శిక్షకుడి గుర్రం ఫాక్స్‌ప్లేను మెడ తేడాతో దాటింది. నేను ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో. ఆఖర్లో దాని సమయాల పట్టిక చూస్తే కళ్లు తిరుగుతాయి. యాప్ దాన్నీ తక్కువే వేసింది! విన్‌క్స్ ఆ తర్వాత ఒక్కటీ ఓడకుండా, అంతకుముందువీ కలిపి వరసగా 33 గెలుపులతో 2019 ఏప్రిల్‌లో రిటైర్ అయింది.

ఇంగ్లండ్ గుర్రం ఫ్రాంకెల్ సంగతి క్లుప్తంగా: 2011 జూన్‌లో ఆస్కాట్‌లో జాకీ తొందరపడి సగం దూరంలోనే పూర్తి వేగంతో వదిలేశాడు, గెలిచింది కానీ చివర్లో జోఫనీ ముప్పావు లెంగ్త్ దాకా వచ్చింది. నెల దాటాక గుడ్‌వుడ్‌లో కాన్‌ఫర్డ్ క్లిఫ్స్ లాంటి గుర్రాన్ని ఐదు లెంగ్తులతో కొట్టింది. జాకీ ఆట తప్పింది, గుర్రం తప్పలేదు.

ఎప్పుడూ యాప్‌దే తప్పు అనడం లేదు. ఎనేబుల్ అనే ఇంగ్లండ్ ఆడగుర్రం 2019 జులైలో ఆస్కాట్‌లో కింగ్ జార్జ్ రేసు మెడ తేడాతో గెలిచింది, యాప్ బాణం దించింది, అక్టోబర్‌లో పారిస్‌లో ఆర్క్ రేసులో వాల్డ్‌గైస్ట్ చేతిలో ఎనేబుల్ ఓడిపోయింది. చూశావా అన్నా, యాప్ ముందే చెప్పింది అని మా బావమరిది గెలిచినట్టు చూపించాడు. కానీ జులైలో రెండోది వచ్చింది ఎవరు? క్రిస్టల్ ఓషన్. ఆ ఏడాది చివర్లో ప్రపంచ ర్యాంకింగుల్లో ఎనేబుల్, క్రిస్టల్ ఓషన్, వాల్డ్‌గైస్ట్, మూడింటికీ 128 రేటింగ్ చొప్పున ఇచ్చి సమానంగా మొదటి స్థానంలో నిలబెట్టారు. సమఉజ్జీని మెడ తేడాతో గెలవడం తగ్గడం ఎలా అవుతుంది? అక్టోబర్‌లో నేల బాగా మెత్తగా ఉంది, ఆఖర్లో కాళ్లు లాగేశాయి. బాణం సరిపోయింది కానీ కారణం సరిపోలేదు, కారణం తెలియకపోతే తర్వాతి రేసుకు ఆ బాణం ఎందుకూ పనికిరాదు. అంతకుముందు ఏడాది అదే ఎనేబుల్ మోకాలి గాయం తర్వాత ఒకే ఒక్క రేసు పరిగెత్తి వచ్చి, ఆర్క్‌ను సీ ఆఫ్ క్లాస్ మీద మెడ కంటే తక్కువ తేడాతో గెలిచింది. వెంటనే నెల తిరక్కుండా అమెరికా వెళ్లి బ్రీడర్స్ కప్ టర్ఫ్ రేసు కూడా కొట్టింది, ఒకే ఏడాది ఆ రెండూ గెలిచిన మొదటి గుర్రం అదే. అక్కడ కూడా యాప్‌లో ఎర్ర బాణమే.

మిగతా విషయాలు. సిరొంచలో మా అత్తగారింటికి వెళ్తే నెట్ సరిగా అందదు, అయినా తక్కువ క్వాలిటీలో పెట్టుకుంటే వీడియో ఆగకుండా వస్తుంది, దీనికి మెచ్చుకోవాలి. తెలుగు లేదు, మరాఠీ కూడా లేదు, ఇంగ్లిష్, హిందీ మాత్రమే. పట్టికలో అంకెలు చిన్నగా ఉన్నాయి, కళ్లజోడు వాడేవాళ్లకు ఇబ్బంది. బ్లాక్ కేవియర్ బాణం గురించి వాళ్లకు రాస్తే మార్కులు కంప్యూటరే వేస్తుందని జవాబొచ్చింది. కంప్యూటర్‌కు గెలుపు తేడా ఒక్కటే నేర్పింది మీరే కదా అని మళ్లీ రాశాను, దానికి జవాబు రాలేదు.

రేసు టైమ్, నేల, రెండో గుర్రం స్థాయి, వీటికి కూడా మార్కులో చోటు ఇస్తే నేను సంతోషంగా ఐదు స్టార్లు ఇస్తాను, సరుకంతా వాళ్ల దగ్గరే ఉంది. జాకీ పొరపాటును కంప్యూటర్ పట్టలేదంటే అర్థం చేసుకుంటాను, రికార్డు టైమ్‌ను పట్టలేదంటే మాత్రం ఒప్పుకోను. ప్రస్తుతానికి చిన్న ప్లాన్‌కు మారాను, అందులో మార్కులూ బాణాలూ ఉండవు, వీడియోలు, 200 మీటర్ల పట్టిక వస్తాయి, డబ్బు కూడా తక్కువ. కొత్తగా కొనేవాళ్లు నేరుగా అదే తీసుకోండి.