అక్టోబర్‌లో స్టార్క్ కొంగల ఫొటో చూపించి అమ్మే తారీఫా టూర్లతో జాగ్రత్త

దసరా సెలవుల్లో స్పెయిన్ వెళ్లి పక్షుల వలస చూద్దామనుకునేవాళ్లు డబ్బు కట్టకముందే ఇది చదవండి.

మేం ఆన్‌లైన్‌లో కొన్నది స్పెయిన్ దక్షిణ కొసనున్న తారీఫా ఊళ్లో ఒక రోజు గైడెడ్ టూర్, అక్టోబర్ మధ్యలో. ప్రకటనలో "వలసకి పీక్ సీజన్" అని పెద్దక్షరాలు, కింద ఆకాశం నిండా స్టార్క్ కొంగలు. గుట్టంతా ఆ ఫొటోలోనే ఉంది. స్పెయిన్‌కీ ఆఫ్రికాకీ మధ్యనున్న జిబ్రాల్టర్ జలసంధి మీదుగా ఆ కొంగలు ఆఫ్రికాకి దాటేది ఎక్కువగా జులై చివర్లో, ఆగస్టులో. నల్ల గద్దలూ (హైదరాబాద్ చెత్తకుప్పల మీద చక్కర్లు కొట్టే జాతే) దాదాపు అప్పుడే. తేనె గద్దల జోరు ఆగస్టు ఆఖరు, సెప్టెంబర్ మొదట్లో. అక్టోబర్‌కి మిగిలేది వెనకబడ్డ పాముల గద్దలు, డేగలు, గ్రిఫన్ రాబందులు. రాబందులంటే నాకు చిన్నచూపేం లేదు. కుర్ర రాబందులు గుంపుగా నీళ్ల మీదికి వెళ్లి, ధైర్యం చాలక వెనక్కి తిరిగొస్తుంటాయి, అది చూడటానికే అంత దూరం వెళ్లొచ్చు. మరి ఆ మాట చెప్పే అమ్మాలి కదా!

రెండోది గాలి. రెక్కలు ఆడించకుండా తేలే పెద్ద పక్షులకి పైకి లేచే వేడిగాలి కావాలి, సముద్రం మీద అది దొరకదు. అందుకే సుమారు 14 కిలోమీటర్ల వెడల్పుండే ఈ ఇరుకు చోటుకి చేరతాయి. అక్కడివాళ్లు లెవాంతే అనే తూర్పు గాలి వీస్తే పడమరకి జరిగి తారీఫా పక్కన కసాలా వ్యూపాయింట్ మీదుగా వెళ్తాయి. పొనియెంతే, అంటే పడమటి గాలి ఉంటే, తూర్పుకి జరుగుతాయి, అప్పుడు అల్హెసిరాస్ ఊరి వైపున్న ఎల్ అల్గర్రోబో వ్యూపాయింట్ దగ్గర చూడాలి. మేం వెళ్లిన రోజు పడమటి గాలే. అయినా గైడ్ మమ్మల్ని కసాలాలోనే కూర్చోబెట్టాడు. ఎందుకయ్యా అంటే, లంచ్ తారీఫాలో బుక్ అయింది, షెడ్యూల్ మార్చడం కుదరదట.

బిల్లులో "వ్యూపాయింట్ ఎంట్రీ" అని విడిగా వేశారు. కసాలా ఎన్-340 రోడ్డు పక్కనే ఉంటుంది, ఎవరైనా ఉచితంగా వెళ్లొచ్చు. ఇస్తామన్న టెలిస్కోప్ లెన్స్‌లో ఫంగస్. ఇక "బోనస్" కింద లా బార్కా దె వెహేర్ అనే ఊరి దగ్గర బోడి ఐబిస్‌ల (తల మీద ఈకలుండని, వంకర ముక్కు పెద్ద పక్షులు) గూళ్లు చూపిస్తామన్నారు. అవి అక్కడి కొండచరియలో గూళ్లు పెట్టేది వసంతంలో. అక్టోబర్‌లో మాకు కనపడింది ఉత్త రాయి.

రిఫండ్ అడిగితే "ప్రకృతికి గ్యారంటీ ఇవ్వలేం" అని రెండు ముక్కల జవాబు. మేం అడిగింది ప్రకృతి గురించి కాదు, ఫొటో గురించీ ఎంట్రీ ఫీజు గురించీ.

మీకూ ఇలాగే అయితే అక్కడుండగానే "ఓహా దె రెక్లమాసియోనెస్" అడగండి. అది ఫిర్యాదు ఫారం, తారీఫా ఉన్న ఆందలూసియా ప్రాంతంలో వ్యాపారం చేసేవాళ్లు అడిగినవాళ్లకి ఇచ్చి తీరాలి. ప్రకటన స్క్రీన్‌షాట్ ముందే దాచుకోండి, మా గొడవ తర్వాత వాళ్లు ఫొటో మార్చేశారు. ఇంకా బుక్ చేయనివాళ్లయితే రెండు ప్రశ్నలు మెయిల్‌లో అడిగి రాతలో జవాబు తీసుకోండి: ఆ వారంలో దాటే జాతులేవి, గాలి మారితే చోటు మారుస్తారా? నసిగితే వేరేవాళ్లని చూసుకోండి.