కంప్యూటర్ సైన్స్‌లో అమ్మాయిలు పెరగాలంటే ఏది మేలు: సీట్లా, మొదటి సెమిస్టరా?

ఈ చర్చ ఎక్కడ మొదలైనా కాసేపటికి అదే గొడవకి వస్తుంది. ఒకరు సీట్లు విడిగా పెట్టేయండి, పని అయిపోతుంది అంటారు. ఇంకొకరు సీటిస్తే సరిపోతుందా, లోపల మొదటి సెమిస్టర్‌లో పాఠం చెప్పే తీరు మారొద్దా అంటారు. ఈలోగా మూడో ఆయన వచ్చి స్కూల్లోనే కోడింగ్ క్యాంపులు పెడితే అన్నీ వాటంతట అవే సర్దుకుంటాయని తేల్చేస్తాడు. నిజానికి మూడూ చేసి చూసినవే, కాబట్టి ఊహల మీద కొట్లాడుకోనక్కర్లేదు.

అసలు ఆడపిల్లలకి ఈ సబ్జెక్ట్ పడదండీ అనేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లకి ఒక్క లెక్క చాలు. అమెరికాలో 1984 ప్రాంతంలో కంప్యూటర్ సైన్స్ (సీఎస్) డిగ్రీ తీసుకున్నవాళ్లలో దాదాపు 37 శాతం ఆడవాళ్లు, పాతికేళ్లు తిరిగేసరికి అది 18 శాతం దగ్గరికి పడిపోయింది. పాతికేళ్లలో మెదళ్లు మారిపోవు కదా! దీనికి చెప్పే కారణాలు కొన్ని ఉన్నాయి గానీ, నాకు బలంగా అనిపించేది ఇది: ఆ రోజుల్లోనే ఇళ్లలోకి కంప్యూటర్ వచ్చింది, మగపిల్లల ఆటవస్తువు అన్నట్టు దాన్ని అమ్మారు, చాలా ఇళ్లలో అది అబ్బాయి గదిలోకే వెళ్లింది. దాంతో కాలేజీలో చేరే రోజుకే క్లాసులో కొంతమంది ఏళ్ల తరబడి కోడ్ రాసి ఉంటారు, లెక్చరర్ వాళ్ల ముఖాలు చూసి ఇది అందరికీ వచ్చులే అనుకుని ముందుకి వెళ్లిపోతాడు.

సీట్ల సంగతి చూద్దాం. దీని బలమంతా వేగంలోనే ఉంది. నార్వేలోని ఎన్‌టీఎన్‌యూ అనే యూనివర్సిటీ 1997లో కంప్యూటర్ కోర్సులో అమ్మాయిలకి విడిగా సీట్లు పెట్టి, దాంతోపాటు గట్టిగా ప్రచారం చేస్తే, ఒక్క ఏడాదిలో 6 శాతం నుంచి 38 శాతానికి వచ్చారు. మన ఐఐటీల్లో 2016 నాటికి బీటెక్‌లో అమ్మాయిలు 8 శాతమే. 2018లో సూపర్‌న్యూమరరీ సీట్లు మొదలుపెట్టి 14, 17, 20 శాతం అని ఏటా లక్ష్యం పెంచుకుంటూ వెళ్లారు. ఇవి అదనపు సీట్లు, ఉన్నవాటిలోంచి తీసినవి కావు. అయినా "మా సీటు లాగేసుకున్నారు" అనే ఏడుపు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది, ఎంత చెప్పినా అంతే. ఆ మాటలు పడేది మాత్రం సీటు వచ్చిన అమ్మాయి. ల్యాబ్‌లో ప్రోగ్రామ్ ఒకసారి రన్ అవ్వకపోతే అబ్బాయిది పొరపాటు, ఆ అమ్మాయిదైతే కోటా. సీటు గేటు దాటిస్తుంది గానీ, లోపల ఆ నాలుగేళ్లు ఎలా గడుస్తాయో దాని చేతిలో లేదు.

రెండోదారి, అంటే మొదటి సెమిస్టర్‌ని మార్చడం, అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ, హార్వీ మడ్ కాలేజీ పట్టుకున్నది. కార్నెగీ మెలన్‌లో 1995లో సీఎస్‌లో చేరినవాళ్లలో అమ్మాయిలు 7 శాతం, 2000కి 42 శాతం. అక్కడ జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ అనే ఇద్దరు పరిశోధకులు కొన్నేళ్లపాటు విద్యార్థులతో కూర్చుని మాట్లాడితే తేలింది ఏమిటంటే, వదిలేసి వెళ్లిపోతున్న అమ్మాయిల్లో చాలామందికి ముందు పోయింది ధైర్యం, ఆసక్తి ఆ తర్వాత పోయింది. పక్కవాడికి అన్నీ వచ్చు, నాకే రావట్లేదు, నేను ఈ కోర్సుకి పనికిరానేమో అన్న టెన్షన్. అందుకని అనుభవాన్ని బట్టి మొదటి కోర్సులోకి వేర్వేరు దారులు పెట్టారు. ఇంకోటి కూడా చేశారు, దాన్ని చెప్పేవాళ్లు తక్కువ: అడ్మిషన్లలో ముందే ప్రోగ్రామింగ్ వచ్చా లేదా అన్నదానికి బరువు ఇవ్వడం మానేశారు. కాబట్టి ఈ ఘనతంతా సిలబస్‌దే అంటే నేను ఒప్పుకోను, గేటు దగ్గర కూడా ఒక మార్పు జరిగింది.

హార్వీ మడ్ కథ నాకు ఇంకా నచ్చుతుంది, ఎందుకంటే చేసినవన్నీ చిన్న పనులే. 2006లో మరియా క్లావే ప్రెసిడెంట్‌గా వచ్చే సమయానికి అక్కడ సీఎస్‌లో అమ్మాయిలు పది శాతం పైచిలుకు. మొదటి కోర్సులో జావా అనే ప్రోగ్రామింగ్ భాష తీసేసి, కొత్తవాళ్లకి తేలికైన పైథాన్ పెట్టారు. బ్లాక్, గోల్డ్ అని రెండు సెక్షన్లు చేసి, ముందే కోడ్ రాసినవాళ్లని ఒకదాంట్లో, కొత్తవాళ్లని ఇంకోదాంట్లో కూర్చోబెట్టారు. క్లాసులో తన తెలివంతా ప్రదర్శించి మిగతావాళ్లని బెదరగొట్టే కుర్రాడు ఉంటాడు చూడండి, వాడిని విడిగా పిలిచి, "నీ ప్రశ్నలు బాగుంటాయి, క్లాసయ్యాక మనిద్దరం మాట్లాడుకుందాం" అని చెప్పడం కూడా ప్లాన్‌లో భాగమే. పదేళ్లకి, 2016లో, సీఎస్ డిగ్రీ తీసుకున్నవాళ్లలో సగానికి పైగా అమ్మాయిలే. స్టాండర్డ్ పడిపోతుందని భయపడేవాళ్ల కోసం: గోల్డ్ సెక్షన్‌లోనూ పునాది పాఠాలు అవే, బ్లాక్‌లో వాటిమీద అదనంగా ఇంకొన్ని.

క్యాంపుల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. చెడ్డవి కావు. కానీ అక్కడికి వచ్చేది చాలావరకు ఇంట్లో ముందే ప్రోత్సాహం ఉన్న పిల్లలు, పైగా డిపార్ట్‌మెంట్‌కి "మేం ఏదో చేస్తున్నాం" అని చెప్పుకోవడానికి ఒక ఫొటో దొరుకుతుంది, తమ క్లాసుని మార్చుకునే బాధ తప్పుతుంది.

ఏది మేలంటే, నా ఓటు మొదటి సెమిస్టర్‌కే. ఎవరి మీదా ముద్ర పడదు, కోడింగ్ ముఖం చూడని అబ్బాయిలకీ అంతే ఉపయోగం, ఖర్చు కూడా ఇంకో సెక్షన్‌కి టీచర్ దొరకడం వరకే. కానీ అడ్మిషన్ మొత్తం ఒక్క ర్యాంకు మీద నడిచే చోట నా ఓటు తిరగబడుతుంది. ర్యాంకు తప్ప ఇంకేదీ చూసే వీలు డిపార్ట్‌మెంట్‌కి లేనప్పుడు, క్లాసులో అరవైమందికి నలుగురు అమ్మాయిలు ఉన్నప్పుడు, సిలబస్ ఎంత బాగా మార్చినా ఆ నలుగురూ మిగులుతారేమో గానీ నలభై అవ్వరు. అక్కడ ముందు సీట్లే పెట్టాలి, సెక్షన్లు విడగొట్టడం అదే ఏడాది మొదలవ్వాలి, రెండేళ్లాగి కాదు.

ఇంకో చిక్కుంది. హార్వీ మడ్‌లో ఆ మొదటి కోర్సు అందరూ చదవాల్సిందే, మేజర్, అంటే డిగ్రీలో ప్రధాన సబ్జెక్ట్, ఎంచుకునేది ఆ తర్వాతే. సీఎస్ అనుకోని అమ్మాయిలు కూడా ఆ క్లాసులో కూర్చుని, ఇదేదో బాగుందే అనుకుని ఇటు వచ్చారు. చేరిన రోజే బ్రాంచ్ ఖరారైపోయే కాలేజీలో ఆ అమ్మాయి సివిల్‌లోనో కెమికల్‌లోనో ఉండిపోతుంది. అలాంటి చోట మొదటి ఏడాది తర్వాత బ్రాంచ్ మారడానికి సీఎస్‌లో కొన్ని సీట్లు ఉంచాలి, ఆ సంగతి చేరేటప్పుడే పిల్లలకి చెప్పాలి.