పుట్టపాక నుంచి తెచ్చుకున్న తేలియా దుపట్టా

నల్గొండలో హైస్కూలు పిల్లలకు సోషల్ చెబుతాను. సామ్రాజ్యవాదం పాఠానికి చేతిలో ఏదైనా వస్తువుంటే పిల్లలకు బాగా ఎక్కుతుందని, పుట్టపాకలో ఒక నేతన్న ఇంటికే వెళ్లి నూనె పట్టించిన నూలుతో నేసే తేలియా దుపట్టా కొన్నాను. 6,500 రూపాయలు. అంతకుముందు టౌన్‌లో ఒక షాపువాళ్లు 900కి 'ఒరిజినల్ తేలియా' అని అంటగట్టారు. ఇంటికొచ్చి తిరగేస్తే వెనకవైపు వెలవెలబోతోంది. ఉత్త ప్రింటు. నేతన్న ఇచ్చినదానికి రెండు వైపులా ఒకటే రంగు. నేసే ముందే చిటికి కట్టి, అంటే నూలును అక్కడక్కడా దారంతో బిగించి, నూలుకే రంగు అద్దుతారు కాబట్టి పువ్వుల అంచులు కొంచెం పాకినట్టుంటాయి.

మడత విప్పగానే నూనె వాసన. నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి ఆరబెడితేనే ఈ ఎరుపు పట్టుకుంటుంది. నాలుగు ఉతుకులైనా రంగు చుక్క దిగలేదు. బట్ట మాత్రం ఇంకా మెత్తబడింది.

"ఇది మొక్క వేరు నుంచి తీసిన రంగేనా అన్నా?" అని అడిగాను.

"కాదు మేడం, అలిజరిన్, ఫ్యాక్టరీ రంగు. అబద్ధం ఎందుకు చెప్పాలె?"

ఆ మాటతో నాకు పూర్తి నమ్మకం కుదిరింది. నా పాఠమంతా ఆ మాటలోనే ఉంది. ఒకప్పుడు ఈ ఎరుపు కోస్తా ఇసుక నేలల్లో తవ్విన చిరివేరు అనే మొక్క వేరుది. 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్మాన్ అనే రసాయన శాస్త్రవేత్తలు అదే రంగును, అంటే అలిజరిన్‌ను, బొగ్గు తారులో దొరికే పదార్థం నుంచి తయారుచేశారు. ఫ్యాక్టరీ రంగు చవగ్గా ఓడల్లో దిగేసరికి వేరును అడిగేవాళ్లు లేకుండా పోయారు. పత్తిదీ ఇదే కథ. ఇప్పటి మహారాష్ట్రలోని నల్లరేగడి పత్తి నేల బేరార్‌ను 1853లో నిజాం బాకీల కింద ఈస్టిండియా కంపెనీ పట్టింది. అక్కడి పత్తి రైలెక్కి బొంబాయికి, ఓడెక్కి ఇంగ్లండ్ మిల్లులకు. అక్కడి నుంచి వచ్చే బట్ట మీద దిగుమతి సుంకాన్ని 1882లో ఎత్తేశారు. తర్వాత ఖజానా కోసం మళ్లీ వేయాల్సి వస్తే, ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ మిల్లు వాళ్లకు నష్టమని 1896లో మన మిల్లు బట్ట మీదా అంతే, 3.5 శాతం పన్ను వేశారు.

దుపట్టా క్లాసులో బల్ల మీద పరిచాను. చివరి బెంచీ అమ్మాయి వాసన చూసి, "మా తాత రుమాలు ఇట్లనే వాసనొస్తుండె మేడం" అంది. ఇంట్లో ఉంటే తెమ్మన్నాను.

ఇంకొకటి మా అక్కకు ఆర్డర్ ఇచ్చాను. రెండు నెలలు పడుతుందట.