ఎంపీ ట్రాక్: విలేకరి ఎంపీ అయ్యాక ఏం చేస్తున్నారో చూడాలంటే

చట్టసభల పనితీరుపై పరిశోధన చేసే సంస్థ పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ నడిపే ‘ఎంపీ ట్రాక్’ వెబ్ పేజీ ఉచితం. ఎంపీ పేరు కొడితే హాజరు, చర్చలు, ప్రశ్నలు, ప్రైవేటు బిల్లులు (మంత్రి కాని సభ్యులు పెట్టేవి) ఒకే పేజీలో వస్తాయి. పోల్చుకోవడానికి జాతీయ, రాష్ట్ర సగటులూ ఉంటాయి. పై అంకెలు మాత్రమే చూసి తీర్పు చెప్పేస్తేనే చిక్కు.

సాగరికా ఘోష్‌నే తీసుకోండి. టైమ్స్ ఆఫ్ ఇండియా, అవుట్‌లుక్, ఇండియన్ ఎక్స్‌ప్రెస్, సీఎన్‌ఎన్-ఐబీఎన్‌లలో పనిచేసి, 2024లో తృణమూల్ తరఫున పశ్చిమ బెంగాల్ నుంచి రాజ్యసభకు వెళ్లారు. ఆమె పాత్రికేయ జీవితం గురించి ఎక్కడైనా దొరుకుతుంది. సభలో పని చూడాలంటే ముందు రాజ్యసభ ఎంచుకుని, ఇంటిపేరుతో కాకుండా మొదటి పేరుతో వెతకండి. ఘోష్‌కి ఇంగ్లిష్ స్పెల్లింగులు చాలా ఉన్నాయి. సైటంతా ఇంగ్లిషే, తెలుగు లేదు.

హాజరు శాతం రిజిస్టర్‌లో సంతకాల లెక్క. సంతకం పెట్టి ఎంతసేపు కూర్చున్నారో అది చెప్పదు. మంత్రులు ఆ రిజిస్టర్‌లో సంతకం పెట్టరు, కాబట్టి వాళ్ల గడి ఖాళీగా ఉంటే గైర్హాజరని కాదు. సస్పెన్షన్లూ శాతాన్ని పడగొడతాయి. 2023 శీతాకాల సమావేశాల్లో రెండు సభల్లో కలిపి 146 మంది సస్పెండయ్యారు. ప్రతిపక్ష సభ్యుల అంకె తక్కువగా కనిపిస్తే ఇది గుర్తుంచుకోవాలి.

అసలు సరుకు ప్రశ్నల పట్టికలో ఉంది. రాజ్యసభలో రోజుకు నక్షత్ర గుర్తు ప్రశ్నలు (సభలో నోటితో జవాబు చెప్పేవి) 15, గుర్తు లేనివి (రాతపూర్వక జవాబు వచ్చేవి) 160 మాత్రమే జాబితాకెక్కుతాయి, అదీ లాటరీ తీసి. నోటీసు ఇచ్చినా లాటరీలో రాకపోతే లెక్కలోకి రాదు. అందుకే ఎన్ని అడిగారన్నది పక్కనపెట్టి మంత్రిత్వ శాఖల వరుస చూడండి. ఒకే శాఖను సమావేశం తర్వాత సమావేశంలో పట్టుకుని అడిగారంటే అది పాత బీటు (విలేకరికి అప్పగించే రంగం) అలవాటే. ఆ తర్వాత పార్లమెంటు వారి సన్సద్ వెబ్‌సైట్‌లో పూర్తి జవాబు తెరవండి. ‘సమాచారం సేకరిస్తున్నాం’ అని ఉంటే అది సభకిచ్చిన హామీ కింద లెక్క. 3 నెలల్లో నెరవేర్చాలి, ప్రభుత్వ హామీల కమిటీ దాన్ని వెంటాడుతుంది. మంచి విలేకరికి ఫాలోఅప్ మొదలయ్యేది అక్కడే. ఎంపీ ట్రాక్‌లో మాత్రం అది ఒక ప్రశ్నగా మిగిలిపోతుంది.

చర్చల లెక్క ఇంకా మోటు. జీరో అవర్‌లో (అత్యవసర ప్రజా సమస్యలు లేవనెత్తే సమయం) 3 నిమిషాల ప్రస్తావనా ఒకటే, బిల్లు మీద సుదీర్ఘ ప్రసంగమూ ఒకటే. కాబట్టి చర్చ రకం చెప్పే కాలమ్ చదవకుండా మొత్తం అంకెను ఎవరికీ వినిపించకండి. ప్రసంగం పూర్తి పాఠం రాజ్యసభ రికార్డుల్లో దొరుకుతుంది. సభాపతి తొలగించిన మాటల చోట నక్షత్ర గుర్తులు (*) ఉంటాయి. ముక్కుసూటిగా మాట్లాడేవారి ప్రసంగాల్లో ఇవి ఎదురైతే ఆశ్చర్యపోనక్కర్లేదు. గొంతు, ఎదురుకేకలు కావాలంటే సన్సద్ టీవీ వీడియోలే దిక్కు.

పెద్ద లోటు స్థాయీ సంఘాలు, అంటే బిల్లులనూ శాఖల పనినీ లోతుగా పరిశీలించే ఎంపీల కమిటీలు. అవి తలుపులు మూసి జరుగుతాయి, ఎంపీ ట్రాక్ వాటిని లెక్కించదు. సంఘం నివేదిక పీడీఎఫ్ దించుకుని చివరి అనుబంధాలకు వెళ్తే సమావేశాల మినిట్స్ (జరిగినదాని నమోదు) ఉంటాయి. ఏ తేదీన ఎవరు హాజరయ్యారో పేర్లతో సహా అందులో కనిపిస్తుంది.