లాగిన్ కోసం ట్రెజర్ మోడల్ టీ: చాలాకాలం వాడాక చెబుతున్న మాట

హార్డ్‌వేర్ వాలెట్ అనగానే క్రిప్టో కాయిన్లు దాచుకునే పరికరం అనే అందరికీ గుర్తొస్తుంది. నేను మాత్రం ట్రెజర్ మోడల్ టీని కాయిన్లు పంపడానికి వాడేదాని కంటే లాగిన్ అవడానికే ఎక్కువ వాడుతున్నాను. విదేశీ ఎక్స్ఛేంజ్ (కాయిన్లు కొనే, అమ్మే సైట్) ఖాతాలకీ, ఆ ఖాతాల పాస్‌వర్డ్ రీసెట్ మెయిళ్లు వచ్చి పడే జీమెయిల్‌కీ రెండో అంచె భద్రత ఇదే. 2018లో వచ్చిన మోడల్ ఇది, కొత్తదేం కాదు, అయినా ఈ పనికి ఇప్పటికీ నిక్షేపంలా పనిచేస్తోంది.

వాడే తీరు సులువే. పాస్‌వర్డ్ కొట్టగానే బ్రౌజర్ సెక్యూరిటీ కీ (లాగిన్‌ని ఖాయం చేసే పరికరం, ఇక్కడ మన వాలెటే) అడుగుతుంది, కేబుల్ పెట్టి వాలెట్ మీద పిన్ కొట్టాలి. ఆ పిన్ అంకెలు తెరమీద ప్రతిసారీ చోటు మార్చుకుని వస్తాయి కాబట్టి పక్కన కూర్చున్నవాళ్లు మన వేలు ఎటు కదిలిందో చూసినా వాళ్లకి దొరికేది ఏమీ ఉండదు. తప్పు పిన్ కొట్టేకొద్దీ వేచి ఉండాల్సిన సమయం పెరుగుతూ పోతుంది, 16 సార్లు తప్పితే లోపలున్నదంతా చెరిగిపోతుంది. పిన్ అయ్యాక ఆ చిన్న రంగుల తెర మీద ఏ సైట్‌లోకి వెళ్తున్నామో పేరు వస్తుంది, చూసుకుని ఆకుపచ్చ టిక్ నొక్కితే లోపలికి వెళ్లిపోతాం. మామూలు సెక్యూరిటీ కీలకి ఎక్కువగా ఈ తెర ఉండదు, బటన్ తాకడమే. నాకు ఆ పేరు కళ్లతో చూశాకే వేలు పెట్టడం నచ్చుతుంది.

ఇంత హడావిడి ఎందుకు, ఓటీపీ ఉంది కదా అనేవాళ్లకి మా బావమరిది సంగతి చెబుతాను. కేవైసీ గడువు అయిపోయింది, అప్‌డేట్ చేయకపోతే ఖాతా ఆగిపోతుందని మెయిల్ వచ్చింది. లింక్ నొక్కితే అచ్చం ఎక్స్ఛేంజ్ పేజీలాగే ఉంది. పాస్‌వర్డ్ కొట్టాడు, ఫోన్‌కి ఓటీపీ వచ్చింది, అదీ కొట్టేశాడు. కాసేపటికి ఖాతాలో ఉన్న యూఎస్‌డీటీ (డాలర్ విలువకి ముడిపెట్టిన కాయిన్) మొత్తం పోయింది. "బావా, ఓటీపీ నిజంగా కంపెనీ నుంచే వచ్చింది కదా, ఇంక నాకు అనుమానం ఎలా వస్తుంది?" అని అడిగాడు, వాడు అడిగినదాంట్లో తప్పేమీ లేదు. దొంగ పేజీ వెనకాల కూర్చున్నవాడు వీడి పాస్‌వర్డ్‌ని అసలు సైట్‌లో కొట్టాడు కాబట్టే ఆ ఓటీపీ అసలు కంపెనీ నుంచి వచ్చింది. ఫోన్‌లోనే ఆరంకెల కోడ్ పుట్టించే అథెంటికేటర్ యాప్ వాడినా ఇదే జరిగేది, ఆ ఆరంకెలు కూడా మనిషి చేతే కొట్టించుకోవచ్చు.

సెక్యూరిటీ కీ దగ్గర ఈ ఆట సాగదు. ఒక్కో సైట్‌కి వాలెట్ విడిగా ఒక డిజిటల్ కీ తయారు చేస్తుంది, అది ఆ సైట్ అడ్రస్‌కే ముడిపడి ఉంటుంది. అడ్రస్‌లో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ దొంగ సైట్‌కి ఇవ్వడానికి వాలెట్ దగ్గర ఏ కీ ఉండదు, బ్రౌజర్ కూడా ఒప్పుకోదు. నేను నిద్రమత్తులో ఉన్నా, టెన్షన్‌లో ఉన్నా ఈ తనిఖీ జరిగే తీరుతుంది. పైగా మన నంబర్ మీద ఇంకెవరో డూప్లికేట్ సిమ్ తీసుకున్నా భయం లేదు, ఇక్కడ ఫోన్ నంబర్‌తో పనే లేదు.

కాకపోతే ఒక షరతు ఉంది, చాలామంది దీన్ని పట్టించుకోరు. కీ పెట్టాక కూడా ఖాతా సెట్టింగ్స్‌లో ఎస్ఎంఎస్ ఓటీపీని అలాగే వదిలేస్తే దొంగ ఆ దారినే వస్తాడు. "మరో పద్ధతి ప్రయత్నించండి" అని ఒక లింక్ ఉంటుంది చూడండి, దాని వెనక ఏముందో వెళ్లి చూసి, తీసేయగలిగినవన్నీ తీసేయండి. క్రాకెన్, కాయిన్‌బేస్, బైనాన్స్ లాంటి ఎక్స్ఛేంజ్‌లు సెక్యూరిటీ కీని ఒప్పుకుంటాయి. నేను వాడే మన దేశపు ఎక్స్ఛేంజ్‌లో మాత్రం ఇప్పటికీ ఓటీపీ, అథెంటికేటర్ తప్ప ఇంకేమీ లేవు. ఎన్నిసార్లు మెయిల్ పెట్టినా "మీ సూచనకు ధన్యవాదాలు" అనే జవాబే. లాభం మీద 30 శాతం పన్ను, ప్రతి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ కడుతున్న జనానికి లాగిన్ దగ్గర ఈపాటి రక్షణ ఇవ్వలేరా అని నాకు నిజంగా కోపం వస్తుంది.

బ్యాకప్ సంగతి కొంచెం ఓపిగ్గా చదవండి. యూటూఎఫ్ అనే పాత సెక్యూరిటీ కీ పద్ధతిలో నమోదైన లాగిన్లు రికవరీ పదాల (వాలెట్ మొదట సెట్ చేసినప్పుడు రాసిపెట్టుకునే పదాలు) నుంచే పుడతాయి, అంటే వాలెట్ పాడైతే ఇంకో ట్రెజర్ కొని అవే పదాలు ఎక్కిస్తే లాగిన్లూ తిరిగొస్తాయి. మామూలు సెక్యూరిటీ కీకి ఈ సౌకర్యం లేదు. కానీ ఫైడో2 అనే కొత్త పద్ధతిలో పాస్‌వర్డ్ లేకుండా లాగిన్ అయ్యే రకం వివరాలు వాలెట్‌లోనే నిల్వ ఉంటాయి, పదాలతో వాటంతట అవి రావు, విడిగా బ్యాకప్ తీసుకోవాలి. ఆ గొడవ ఎందుకని నేను ప్రతి ఖాతాకీ రెండో సెక్యూరిటీ కీ కూడా నమోదు చేసి, దాన్ని వేరే చోట పెట్టాను.

ఎక్స్ఛేంజ్ కాకుండా డీఫై (మధ్యలో కంపెనీ లేకుండా నేరుగా వాలెట్‌తో వాడే) సైట్లలో లాగిన్ అంటే వేరే వ్యవహారం. అక్కడ పాస్‌వర్డ్ ఉండదు, వాలెట్‌తో ఒక మెసేజ్ మీద సంతకం చేయడమే లాగిన్. మామూలుగా ఆ మెసేజ్‌లో సైట్ పేరు, మన వాలెట్ అడ్రస్, ఫలానా సైట్‌లోకి సైన్ ఇన్ అవుతున్నానని ఒక వాక్యం ఉంటాయి, గ్యాస్ (నెట్‌వర్క్ రుసుము) ఖర్చు ఏమీ పడదు. వాలెట్ తెర మీద దాన్ని చివరిదాకా చదవాల్సిందే. లాగిన్ అని చెప్పి టోకెన్లు తీసుకెళ్లే అనుమతి మీద సంతకం పెట్టించుకునే సైట్లు బోలెడు. 2025 ఫిబ్రవరిలో బైబిట్ అనే ఎక్స్ఛేంజ్ నుంచి దాదాపు 150 కోట్ల డాలర్ల ఈథర్ కాయిన్లు పోయినప్పుడు సంతకం చేసినవాళ్ల చేతుల్లో హార్డ్‌వేర్ వాలెట్లే ఉన్నాయి. కంప్యూటర్ తెర మీద మామూలు బదిలీలా కనిపించింది, నిజంగా సంతకం పడింది ఇంకోదాని మీద. అందుకే కంప్యూటర్ ఏం చూపించినా నేను వాలెట్ తెరనే నమ్ముతాను, అక్కడ అర్థంకాని అంకెల దండ కనిపిస్తే రద్దు చేసేస్తాను.

ఈ మోడల్ బలహీనత కూడా చెప్పాలి. దీంట్లో రహస్యాలని కాపాడే ప్రత్యేక సెక్యూర్ చిప్ లేదు. పరికరం చేతికి దొరికితే తగిన సామగ్రితో లోపలి సీడ్‌ని (రికవరీ పదాల రహస్యాన్ని) బయటికి లాగవచ్చని 2020 జనవరిలో క్రాకెన్ భద్రతా బృందం చేసి చూపించింది. కాయిన్లకైతే పాస్‌ఫ్రేజ్ (రికవరీ పదాలకి మనం అదనంగా జోడించే రహస్య మాట) పెట్టుకుంటే రక్షణ ఉంటుంది. లాగిన్ కీలకి మాత్రం ఆ పాస్‌ఫ్రేజ్ వర్తించదు. కాబట్టి వాలెట్ పోతే ఆలస్యం చేయకుండా రెండో కీతో లోపలికి వెళ్లి పాతదాన్ని ఖాతాల్లోంచి తీసేయాలి. దొంగకి పాస్‌వర్డ్ కూడా కావాలి కాబట్టి మనకి కొంత వ్యవధి దొరుకుతుంది.

చికాకులంటే కేబుల్ ఒకటే. ఎన్ఎఫ్‌సీ (ఫోన్‌కి తాకిస్తే పనిచేసే సౌకర్యం) లేదు, బ్లూటూత్ లేదు, బ్యాటరీ లేదు. ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాళ్లకి ఇబ్బంది ఏమీ అనిపించదు. రోజంతా ఫోన్‌లోనే ట్రేడింగ్ చేసేవాళ్లకి నేను దీన్ని చెప్పను, ఎన్ఎఫ్‌సీ ఉన్న సెక్యూరిటీ కీ కొనుక్కోవడం మేలు.

ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లు సెక్యూర్ చిప్ ఉన్న ట్రెజర్ సేఫ్ 3 గానీ, 2024లో వచ్చిన టచ్ తెర సేఫ్ 5 గానీ చూడండి, రెండూ ఫైడో2 పనికి వస్తాయి. కంపెనీ సైట్‌లోగానీ వాళ్ల అధీకృత అమ్మకందారు దగ్గరగానీ కొనండి. సెకండ్‌హ్యాండ్ వద్దు. డబ్బాలో ముందే రాసిపెట్టిన రికవరీ పదాలు ఉంటే ఆ వాలెట్‌ని వాడకండి, ఆ పదాలు ఇంకొకరి దగ్గర ఉన్నట్టే. కొనడానికి ఇచ్చే మెయిల్ ఐడీ ఎక్స్ఛేంజ్ ఖాతాలది కాకుండా వేరేది ఇవ్వండి. 2020లో లెడ్జర్ అనే మరో వాలెట్ కంపెనీ కస్టమర్లలో సుమారు 2.7 లక్షల మంది పేర్లు, ఇంటి అడ్రస్‌లు, ఫోన్ నంబర్లు బయటపడ్డాయి, తర్వాత వాళ్లలో కొందరి ఇళ్లకి నకిలీ వాలెట్లు కూడా పోస్టులో వెళ్లాయి.