యాభై ఏళ్ల అంబాసిడర్‌లో మైసూరు దాకా

గుత్తి దాటి ఐదు కిలోమీటర్లు వెళ్లామో లేదో, బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఫిబ్రవరే అయినా మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తోంది. బావ బానెట్ ఎత్తి, డిక్కీలోంచి పాత తువ్వాలు తీసి, తడిపి పెట్రోల్ పంపుకు చుట్టాడు. నాన్న నేర్పిన వైద్యమే. పావుగంటకు స్టార్టయింది. పక్కన పుచ్చకాయలు అమ్ముకునే పెద్దాయన అంతసేపూ చూసి, "ఇంకా దీన్ని తిప్పుతాండారా సామీ? గవర్నమెంటోళ్లు పట్టుకోరా?" అన్నాడు.

ఆ అనుమానం మాకూ ఉంది. మాది 1976 మార్క్ 3. ఈ ఆగస్టుతో యాభై నిండుతాయి, అదే నెలలో ఐదేళ్లకోసారి చేయించే రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా. పోయినసారి, 2021లో, కట్టిన ఫీజు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి అది 5,000 అయింది. 2025 ఆగస్టులో, ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ వేరే.

ఇంకో దారి వింటేజ్ రిజిస్ట్రేషన్. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనలు అవి. యాభై ఏళ్లు దాటి ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చి ఉండకూడదు. పదేళ్లు చెల్లుతుంది, పాత నంబరే ఉంచుకోవచ్చు. (డీజిల్ ఇంజన్ పెట్టించుకున్న అంబాసిడర్లు మన ఊళ్లలో ఎన్ని లేవు! వాటికి ఈ తలుపు మూసినట్టే.) అయితే ఒక మెలిక ఉంది. వింటేజ్ అయ్యాక బండిని ఎగ్జిబిషన్‌కో, ర్యాలీకో, పెట్రోల్‌కో, రిపేరుకో తప్ప రోడ్డెక్కించకూడదు. అమ్మను కూర్చోబెట్టుకుని ఊళ్లు తిరగడం ఇక ఉండదు. ఏదో ఒకటి తేల్చుకునేలోపు ఒక పెద్ద ట్రిప్ వేసి రావాలనిపించింది.

హైదరాబాద్ నుంచి బెంగళూరు హైవే మీద అరవై దాటించలేదు. లారీలవాళ్లు హారన్ కొట్టేది తప్పుకోమని కాదు, చెయ్యి ఊపడానికి! బయల్దేరే ముందే మెకానిక్ పెట్రోల్ గొట్టాలన్నీ మార్చాడు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. అది పాత రబ్బరును పాడుచేస్తుంది, తేమను పీల్చుకుంటుంది కాబట్టి రోజుల తరబడి కదలని బండికి ట్యాంకు తుప్పు భయం. ఒకప్పుడు లీటరుకు పదిన్నర కిలోమీటర్లు ఇచ్చిన బండి ఈసారి తొమ్మిది దగ్గరే ఆగింది. ఎండదో, ఇథనాల్‌దో, వయసుదో, తప్పు ఎవరి మీద వెయ్యాలో!

రాత్రి అనంతపురంలో ఒక చిన్న లాడ్జి. 1,400 రూపాయలకు గది సాదాసీదాగా ఉంది, వేడినీళ్లు బకెట్లోనే. కానీ వాచ్‌మన్ అడక్కుండానే కారును షెడ్డు కిందికి తోయించాడు. పొద్దున్నే పక్క హోటల్లో ఉగ్గాని, బజ్జీ. మొత్తం ప్రయాణంలో నేను నిండు మార్కులు వేసేది ఈ లాడ్జికే.

మైసూరు హోటల్ దీనికి పూర్తిగా రివర్స్. 3,200 తీసుకున్నారు, గది అద్దంలా ఉంది. కార్లు పార్క్ చేసే కుర్రాడు సీట్లో కూర్చుని, గేర్ రాడ్ కోసం కింద వెతుకుతున్నాడు. స్టీరింగ్ పక్కన ఉందని చూపిస్తే భయపడి దిగిపోయాడు. బేస్‌మెంట్ ర్యాంపు నేనే దించాను. మర్నాడు వాళ్ల టైల్స్ మీద ఆయిల్ మరక చూపించి 500 అడిగారు. అరగంట వాదించాక సగానికి దిగారు. మళ్లీ వెళ్లను. ఇక ఇన్సూరెన్స్ వాళ్ల రోడ్‌సైడ్ సాయం సంగతా? గుత్తి దగ్గర ఫోన్ చేస్తే, ఈ మోడల్ మా లిస్టులో లేదు సార్ అన్నారు. ప్రీమియం కట్టించుకున్నప్పుడు మాత్రం లిస్టులో ఉంది.

బెంగళూరు నుంచి మైసూరుకు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కకుండా పాత రోడ్డు పట్టాం. చన్నపట్నలో అమ్మ చెక్కబొమ్మలు కొంది, మద్దూరులో వేడివేడి వడలు తిన్నాం. పాత బండి ఉన్నవాళ్లు ఈ రోడ్డే పట్టండి.

శ్రీరంగపట్నం దగ్గర పయణ మ్యూజియం చూశాం. ధర్మస్థల వీరేంద్ర హెగ్గడే సేకరించిన పాత కార్లు అక్కడున్నాయి. ఒక్కొక్కటి పెళ్లికూతురిలా మెరుస్తోంది. బావకు గంటన్నర చాల్లేదు. అమ్మ మాత్రం పది నిమిషాలకే బయటికొచ్చి, మన కారు పక్కన చెట్టు నీడలో కూర్చుంది. "ఇవన్నీ బాగున్నాయి గానీ, ఎక్కనిచ్చేది ఒకటీ లేదు కదరా" అంది.

తిరుగుదారిలో బావ మళ్లీ వింటేజ్ మాటెత్తాడు. "ఎవరైనా ఆపితే ఎగ్జిబిషన్‌కి పోతున్నాం అందాం" అని నవ్వాడు. పదేళ్లపాటు అబద్ధాలాడుతూ తిరగడం నావల్ల కాదు. 10,000 కట్టి మామూలు రెన్యువల్‌కే వెళ్తాను. ఫిట్‌నెస్ పరీక్షలో హ్యాండ్ బ్రేకు పాసవుతుందా అన్నదే టెన్షన్. ఈలోగా శ్రీశైలం ఒకసారి తీసుకెళ్లమని అమ్మ అడుగుతోంది. డిక్కీలో ఇంకో తువ్వాలు పెట్టాలి.