ఆపరేషన్‌కి ముందు ఛాతీ అల్ట్రాసౌండ్: నాన్నకి రెండుసార్లు చేయించాక రాస్తున్న రివ్యూ

నాన్నకి కుడి ఊపిరితిత్తి కింది భాగంలో గడ్డ ఉందని, చిన్న రంధ్రాలు పెట్టి చేసే కీహోల్ సర్జరీతో తీసేద్దామని అన్నారు. వయసులో ఉన్నప్పుడు ఆయనకి టీబీ వచ్చి తగ్గింది, ఆ మాట చెప్పగానే సర్జన్ గారు, అయితే ఊపిరితిత్తి ఛాతీ గోడకి అతుక్కుని ఉండొచ్చు, అల్ట్రాసౌండ్ చేయించి రండి అన్నారు. సీటీ స్కాన్ తీశాం కదండీ అన్నాను. సీటీ అంటే ఊపిరి బిగబట్టించి తీసే బొమ్మ, అందులో ఊపిరితిత్తి జారుతోందా లేదా అన్నది తెలీదు, మాకు కావాల్సింది అదే అన్నారు.

మొదటిసారి చేయించిన చోటు పేరు చెప్పను కానీ చాలా బాధేసింది. ఐదు నిమిషాల్లో అయిపోయింది, గట్టిగా ఊపిరి పీల్చమని ఒక్కసారి కూడా చెప్పలేదు, ముందువైపు రెండు చోట్ల ప్రోబ్ ఆనించి నార్మల్ అని రాసిచ్చేశారు. సర్జన్ గారు ఆ కాగితం చూసి పక్కన పెట్టేసి, అడ్మిట్ అయ్యాక వార్డులోనే మత్తు డాక్టర్ గారితో మళ్ళీ చేయించారు.

ఆ రెండోది చూశాకే అసలు ఈ టెస్ట్ ఏంటో నాకు అర్థమైంది. నాన్నని ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, జెల్ రాసి, ఒక్కో పక్కటెముకల సందు దగ్గర ఆగి, మెల్లగా లోపలికి పీల్చండి, ఇప్పుడు వదలండి అంటూ చూశారావిడ. స్క్రీన్ మీద రెండు పక్కటెముకల నల్లటి నీడల మధ్య, కొంచెం లోతులో ఒక తెల్లటి గీత కనపడుతుంది, ఊపిరితిత్తి మీది పొరా ఛాతీ గోడ లోపలి పొరా కలిసేది అక్కడే. బాగున్న చోట ఆ గీత వెంట మెరుపులు చీమలబారులాగా అటూ ఇటూ జరుగుతున్నాయి. చంక కిందకి వచ్చేసరికి నాన్న ఎంత పీల్చినా గీత బిర్రబిగిసినట్టు ఉండిపోయింది, ఇదిగో ఇక్కడ అతుక్కుంది చూడండి అని నాకు చూపించి చర్మం మీద మార్కర్‌తో ఇంటూ గుర్తు పెట్టారు. బాగా జారుతున్న చోట సున్నా చుట్టారు, మొదటి రంధ్రం అక్కడ పెడితే పరికరం దూర్చేటప్పుడు ఊపిరితిత్తికి గుచ్చుకునే భయం తగ్గుతుందట. ఇరవై నిమిషాలు పట్టింది, సూది లేదు, రేడియేషన్ లేదు, నాన్నకి జెల్ చల్లగా తగలడం తప్ప ఏ ఇబ్బందీ లేదు.

అన్నీ దీంట్లోనే తెలిసిపోతాయని మాత్రం అనుకోకండి. గీత కదలకపోతే అతుక్కున్నట్టేనా అని అడిగితే, అన్నిసార్లూ కాదండీ, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినా కదలదు, పొగతాగి ఊపిరితిత్తులు ఉబ్బినవాళ్ళలో కూడా కదలిక తక్కువే ఉంటుంది, పై భాగంలో మామూలుగానే తక్కువ అని చెప్పారు. భుజం రెక్క ఎముక వెనకాల అసలు కనపడదు. అతుకు పలచటిదా గట్టిదా అన్నది కూడా లోపలికి వెళ్ళాకే తెలుస్తుంది. నేను ఒక స్టార్ తగ్గించింది దీనికే, ఐదుకి నాలుగు.

ఆపరేషన్ అయ్యాక సర్జన్ గారు బయటికొచ్చి, సున్నా పెట్టిన చోట లోపల ఖాళీగా ఉంది, ఇంటూ పెట్టిన చోట బాగా అతుక్కుని ఉంటే విడదీయడానికి టైం పట్టింది, రెక్క ఎముక వెనక ఇంకో అతుకు కూడా దొరికింది అన్నారు. పెద్ద కోత అవసరం పడొచ్చని ముందే చెప్పి ఉంచారు కాబట్టి మేం సిద్ధంగానే ఉన్నాం, కానీ ఆ అవసరం రాలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా ఊపిరితిత్తుల ఆపరేషన్ ఉంటే పాత టీబీ, ఛాతీలో చీము పట్టడం, ఇదివరకు అటువైపు జరిగిన ఆపరేషన్, రేడియేషన్, ఏదున్నా దాచకుండా చెప్పండి, ఎన్నేళ్ళయినా సరే. స్కాన్ రిపోర్ట్‌లో ఒట్టి నార్మల్ అని రాసిస్తే ఊరుకోకండి, ఏ ఏ పక్కటెముకల మధ్య చూశారో, ఎక్కడ జారుతోందో ఎక్కడ లేదో రాయమని అడగండి.